మత్తడి ఎక్కడుందో తెలిసిన మనిషిని ఎందుకు ట్రాన్స్‌ఫర్ చేస్తరు?

మా బావ వాళ్లుండేది హన్మకొండకు గంట దూరంలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఒక వానకాలం ముసురు పట్టినప్పుడు వాళ్ల గల్లీలో మోకాలి లోతు నీళ్లు నిలిచినయి. పొద్దున ఆరింటికే మున్సిపాలిటీ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సారు జేసీబీని పట్టుకొచ్చి నిలబడ్డడు, ఫోన్‌లో మ్యాప్ పెద్దగ చేస్తడు, చిన్నగ చేస్తడు, నీళ్లు ఎటు పోవాల్నో మాత్రం సమజైతలేదు. ఆయన ఆ ఊరికొచ్చి నాలుగు నెలలు. గంతల రిటైరైన వాల్వ్‌మన్ తాత ఒకాయన లుంగీ పైకి చెక్కుకొని వచ్చి, ఫంక్షన్ హాల్ గోడ పక్కన కర్రతోటి రెండుసార్లు కొట్టి "గీడ తవ్వుండ్రి సారూ, కుంట మత్తడి కాలువ గీ కిందనుంచే పోతది, స్లాబ్ ఏసి మూసిన్రు" అన్నడు. మత్తడి అంటే కుంట నిండితే నీళ్లు బయటికి దుంకే జాగ. తవ్విన్రు. స్లాబ్ తగిలింది, కింద కాలువ, కాలువ నిండ మట్టి, సిమెంట్ సంచులు. పగటీలికల్లా నీళ్లు గుంజుకుపోయినయి.

గల్లీ మొత్తం తాతను మెచ్చుకుంది, ఏఈని తిట్టింది. నాకైతే ఏఈ మీద కోపం రాలే. నాలుగు నెలల్లో ఏ మనిషికైనా ఊరు ఎట్ల తెలుస్తది? ఊరు తెలిసేలోపు ఆయన్ని ఇంకో ఊరికి పంపిస్తరు, అక్కడ తెలిసేలోపు మళ్లా ఇంకో ఊరికి. కమిషనర్లది గదే కథ, పంచాయతీ సెక్రటరీలది ఇంకింత అన్యాయం. మున్సిపాలిటీ బాగలేదని, పంచాయతీ బాగలేదని రోజూ మొత్తుకుంటం గానీ, దాన్ని నడిపే మనిషి ఒక్కచోట కుదురుగ ఉండే ఏర్పాటే మన దగ్గర లేదన్న సంగతి ఎవ్వరూ మాట్లాడరు. నిధులు తర్వాత, అవినీతి తర్వాత, ముందు రోగం ఇది.

కమిషనర్ డ్యూటీ ఒకసారి చూడండి. తెల్లారకముందే సఫాయి వాళ్ల అటెండెన్స్, ఏ వార్డులో ట్రాక్టర్ రాలేదు, ఎక్కడ పైప్‌లైన్ పగిలింది. పదింటికి టెలికాన్ఫరెన్స్, అటెన్క కలెక్టరేట్‌లో మీటింగ్, మధ్యలో ఎమ్మెల్యే పీఏ ఫోన్, "ఆ బిల్డింగ్ మనోళ్లదే సార్, కొంచెం చూడండి". సాయంత్రం ప్రాపర్టీ ట్యాక్స్ టార్గెట్, మార్చి వస్తే అదొక్కటే లోకం. గ్రూప్-1 రాస్తే గ్రేడ్-2 కమిషనర్, గ్రూప్-2 రాస్తే గ్రేడ్-3 కమిషనర్, ఏండ్లకేండ్లు హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ రూముల్లో చదివి వచ్చిన పిల్లలు వీళ్లు, తెలివి తక్కువోళ్లేం కాదు. కానీ పైనున్న బాసులెందరు? జీతం, పోస్టింగ్ హైదరాబాద్ నుంచి, తీర్మానం కౌన్సిల్ నుంచి, మెమో కలెక్టర్ నుంచి, అసలు ఆర్డర్ ఎమ్మెల్యే ఇంటినుంచి. 2019 మున్సిపాలిటీ చట్టం వచ్చినంక కలెక్టర్ల పవర్ ఇంకింత పెరిగింది. ఒక అక్రమ షెడ్డు కూలగొడితే నలుగురికి కోపం, కూలగొట్టకపోతే సస్పెన్షన్. రెండు వైపులా పదును ఉన్న కత్తి మీద కూర్చున్న మనిషి ఏం చేస్తడు? ఫైల్ మీద "పరిశీలించి నివేదిక సమర్పించగలరు" అని రాసి కిందికి తోస్తడు. కింద ఇంకొకాయన గదే రాస్తడు.

ఊర్ల సంగతి సూస్తే కడుపు తరుక్కుపోతది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలను కూడా పంచాయతీలు చేసినంక రాష్ట్రంలో పంచాయతీలు 12,700 దాటినయి. వాటికి సెక్రటరీలు కావాలని 9,355 జూనియర్ పోస్టులు నోటిఫై చేసిన్రు, 15,000 జీతం. ఇంజినీరింగ్ చదివినోళ్లు, పీజీ చేసినోళ్లు అండ్ల చేరిన్రు. ఊర్లో నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే సెక్రటరీ నౌకరికే ఎసరు అని చట్టంలోనే పెట్టిన్రు, అంటే మేకలు తిన్నా సెక్రటరీదే తప్పు, వాన పడకున్నా సెక్రటరీదే తప్పు. నర్సరీ, వైకుంఠధామం, డంపింగ్ యార్డు, ఇంటిపన్ను, రోజూ యాప్‌లో ఫొటో, ఫీల్డ్ అసిస్టెంట్లను 2020లో పీకేస్తే రెండేండ్లకు పైగ ఉపాధి హామీ పని కూడా వీళ్ల నెత్తి మీదనే. 2023 ఏప్రిల్‌లో రెగ్యులర్ చేయమని సమ్మెకు దిగేదాకా వీళ్లు ఉన్నరన్న సోయే చాలామందికి లేదు. తర్వాత 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయి, ఎలక్షన్లు 2025 డిసెంబర్ దాకా జరగలే, కేంద్రం పైసలు ఆగినయి, ట్రాక్టర్ డీజిల్‌కు, మోటర్ రిపేర్లకు సొంత జేబులోంచి పెట్టుకున్న సెక్రటరీలు ప్రతి మండలంలో ఉన్నరు. సర్పంచ్ లేడు, స్పెషల్ ఆఫీసర్ సంతకానికే దొరకడు, ఊరు తిట్టేది సెక్రటరీని.

ఇక్కడ ఒక వాదన వస్తదని తెలుసు. ఆఫీసర్ ఒక్కచోట ఎక్కువ రోజులుంటే పాతుకుపోతడు, బిల్డర్లతో దోస్తానా అయితది, అందుకే ట్రాన్స్‌ఫర్లు ఉండాలె అని. అబద్ధం అనను, అట్లాంటోళ్లను నేనూ చూసిన. కానీ మన ట్రాన్స్‌ఫర్లు ఆ లెక్కన జరుగుతున్నయా? పైరవీ ఉన్నోడు ఏండ్లకేండ్లు కదలడు, లేనోడు ఎనిమిది నెలలకే పోతడు. ఇంకా ముచ్చటేందంటే, ఎన్నిరోజులుంటడో తెల్వని మనిషికే తొందర ఎక్కువ, ఉన్నన్ని రోజుల్లోనే అంతా సంపాయించుకోవాలె గదా.

బయట ఎట్ల చేసిన్రో ఒక్కటి చెప్త. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో డేటన్ అని ఒక ఊరుంది. 1913 మార్చిలో అక్కడ పెద్ద వరద వచ్చి 300 మందికి పైగ చచ్చిపోయిన్రు. వరద తగ్గినంక ఆ ఊరోళ్లు మేయర్‌ను మార్చుడు కాదు, పద్ధతినే మార్చిన్రు. 1914 జనవరి నుంచి సిటీ మేనేజర్ అనే ఉద్యోగి చేతికి ఊరు నడిపే పని ఇచ్చిన్రు, మొదటి మేనేజర్ హెన్రీ వెయిట్ అనే ఇంజినీర్. అంతకుముందే 1908లో స్టాంటన్ అనే చిన్న ఊరు ఈ పని మొదలుపెట్టింది గానీ, పెద్ద ఊరు చేసి చూపెట్టింది డేటన్. పద్ధతి చాలా సింపుల్, గెలిచిన కౌన్సిల్ ఏం కావాల్నో చెప్తది, మేనేజర్ చేసి చూపెడతడు, చేయకపోతే ఆ కౌన్సిలే తీసేస్తది. ఎక్కడో రాజధానిలో కూర్చున్నోడు తీసేయడు. అక్కడ కూడా వాళ్లకు కష్టాలు తక్కువేం లేవు, ఒక్క ఎలక్షన్‌తో కౌన్సిల్ మారితే మేనేజర్ నౌకరి పోవుడు మామూలే. కానీ ఎవరికి జవాబు చెప్పాల్నో ఆ మేనేజర్‌కు తెలుసు. మన కమిషనర్‌కు గది కూడా తెల్వదు.

మనకూ వరదలు వచ్చినయి. 2020 ఆగస్టులో హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగినయి. నాలాల మీద కబ్జాలన్నరు, సర్వే అన్నరు, మార్కింగ్ అన్నరు. 2023 జులైలో మళ్లా మునిగినయి. అదే వానకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, మోరంచపల్లి జనం బంగ్లాలెక్కి చెట్లెక్కి ప్రాణాలు కాపాడుకున్నరు. ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది, నిజమే, ఎవ్వడూ ఆపలేడు. కానీ వరంగల్‌లో 2020 వరదప్పుడున్న కమిషనర్ వేరు, 2023 వరదప్పుడున్న కమిషనర్ వేరు. మొదటి వరదలో రాత్రంతా తిరిగి ఏ కల్వర్ట్ దగ్గర నీళ్లు తన్నుకొస్తయో కండ్లతో చూసిన మనిషి రెండో వరదకు ఆ కుర్చీలో లేరు. 42 ఊర్లు కలిపి 400 చదరపు కిలోమీటర్లు దాటిన కార్పొరేషన్, 66 డివిజన్లు, దీన్ని కొత్తగొచ్చిన మనిషి పవర్‌పాయింట్ చూసి నేర్చుకోవాలె.

అసలు నా బాధ ఇంకోటి. ఊరి నీళ్ల సంగతి తెలిసిన మనిషిని జీతమిచ్చి పెట్టుకునుడు డేటన్ కంటే ఎంతో ముందు మనకే తెలుసు. నీరటి అంటే ఎవరు? చెరువు తూము ఎప్పుడు లేపాలె, ఎవరి పొలానికి ఎన్ని గంటలు పారాలె, మత్తడి దుంకుతుంటే కట్ట ఎక్కడ బలహీనంగ ఉంది, ఇదంతా చూసుకునే మనిషి. పంట మీద ఆయనకు గింజలు కొలిచేది ఊరు, లెక్క అడిగేదీ ఊరే. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం కట్టిన్రని గొప్పగ చెప్పుకుంటం, మంచిదే, కానీ ఆ చెరువులు వందల ఏండ్లు నిలబడ్డది కట్టిన రాజుతోటి కాదు, రాత్రిపూట వానలో గొంగడి కప్పుకొని కట్ట మీద తిరిగిన నీరటితోటి. ఆయనకు ట్రాన్స్‌ఫర్ లేదు.

ఆ నీరటోళ్లే తర్వాత వీఆర్ఏల (గ్రామ రెవెన్యూ సహాయకుల) లెక్కలో కలిసిన్రు. 2020లో వీఆర్ఓ (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థను రద్దు చేసి, 2022లో ఆ వీఆర్ఓలను లాటరీ తీసి వేరే డిపార్ట్‌మెంట్లకు పంచిన్రు, లాటరీ అంటే నిజంగ చీటీలే. 2023లో వీఆర్ఏలను కూడా తలా ఒక ఆఫీసుకు సర్దిన్రు. ఏ సర్వే నంబర్ శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి, ఏ గట్టు కింద కాలువ ఉండే, ఏ కుంటను ఎవరు పూడ్చిన్రు, ఈ తెలివంతా ఉన్న మనుషులను తీసుకపోయి ఫైళ్లు మోసే పనికి పెట్టినట్టైంది. అండ్ల లంచగొండులు లేరా అంటే ఉన్నరు. ఎలుకలున్నయని ఇల్లు తగలబెట్టుకుంటమా?

తెలంగాణ ఎందుకు తెచ్చుకున్నం? మా నిర్ణయాలు మేం చేసుకుంటం అని. వచ్చినంక ఆ నిర్ణయాలు హైదరాబాద్ సెక్రటేరియట్ దగ్గర ఆగినయి, వరంగల్ దాకా రాలే. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది, పట్టణాలకు అప్పగించదగ్గ పనులు 18 అని 12వ షెడ్యూల్‌లో రాసుంది, ఏ పార్టీ వచ్చినా ఆ కాయితం దిక్కు చూసుడే లేదు. హైదరాబాద్ చెరువులను కబ్జాల నుంచి కాపాడనీకి 2024లో హైడ్రా అనే సంస్థ పెట్టిన్రు, మన నాలాలకు మాత్రం సర్వే టీమే గతి.

కాబట్టి నేను అడిగేది ఇది. కమిషనర్‌కు, సెక్రటరీకి కనీసం నాలుగేండ్లు ఒకటే చోట రాతపూర్వకంగ ఇవ్వండి. ముందే కదిపితే కారణం రాసి కౌన్సిల్ ముందట పెట్టండి, గ్రామసభ ముందట పెట్టండి. తీసేసే అధికారం ఎమ్మెల్యే ఫోన్‌కు కాదు, ఓటేసి గెలిపించిన వార్డు మెంబర్లకు, కౌన్సిలర్లకు ఉండాలె. పోయేటోడు వచ్చేటోనికి తాళంచేతులతో పాటు పది రోజులు ఊరు తిరిగి చూపెట్టాలె, మోరీలు, వాల్వులు, మత్తళ్లు, కొట్లాటలు అన్నీ. దీనికి కొత్త స్కీమ్ అక్కర్లేదు, శిలాఫలకం అంతకన్నా అక్కర్లేదు, బహుశా అందుకే ఎవ్వరికీ ఇంట్రస్ట్ లేదు.

ఆ తర్వాతి ఏడు కూడా మా బావ వాళ్ల గల్లీలో నీళ్లు వచ్చినయి. కాలువ మళ్లా పూడింది, ఏఈ కొత్తాయన, తాతేమో కరీంనగర్‌లో బిడ్డ దగ్గరికి పోయిండు. మా బావ వీడియో కాల్ చేసి ఫంక్షన్ హాల్ గోడ చూపెడితే, తాత స్క్రీన్‌లో మొఖం దగ్గరికి పెట్టి "ఇంకింత ఎడమకు, ఆ కరెంట్ పోల్ దగ్గర, పోయినేడు తవ్విన్రు గదా, రాసుకోలేదా" అని అడిగిండు. రాసుకున్నడు తాతా. పాత ఏఈ సారు తన ఫోన్ నోట్స్‌లో రాసుకున్నడు, ఆ ఫోన్ ఇప్పుడు ఆయనతోటి ఆసిఫాబాద్‌లో ఉంది.