వీడియో గేముల్లో ఎటు నొక్కినా బహుమతిచ్చే ఛాయిస్ బటన్ గారికి

అయ్యా,

మారతహళ్లి పీజీ నుంచి నమస్కారాలు. మొన్న ఆదివారం కరెంటు కూడా పోకుండా సహకరించింది. మధ్యాహ్నం పాడుచేసింది తమరే. "నువ్వు ఏం ఎంచుకుంటే కథ అలా తిరుగుతుంది రా" అని ఊరించి రూమ్మేట్ నాచేత బయోషాక్ ఇన్ఫినిట్ కొనిపించాడు. 2013 నాటి ఆట, సేల్‌లో ఉంది.

కథాకాలం 1912. ఆకాశంలో తేలే కొలంబియా నగరం. అక్కడి సంబరంలో లాటరీ నాకే తగిలింది. బహుమతి ఏమిటయ్యా అంటే, ఒక తెల్ల అబ్బాయినీ అతను ప్రేమించిన నల్ల అమ్మాయినీ వేదిక మీదికి తెచ్చి, తొలి బంతి నన్ను విసరమన్నారు. అప్పుడు దయచేశారు తమరు. జంట మీద విసురుతావా, లాటరీ నడిపే ఫింక్ మీద విసురుతావా? చెమటలు పట్టాయండీ. ఫింక్ మీదికే నొక్కాను. బంతి చెయ్యి దాటకముందే పోలీసు పట్టుకున్నాడు. సరే. కొంత దూరం పోయాక ఆ జంట కనబడి, థాంక్స్ చెప్పి గేర్, అంటే ఆటలో శక్తులిచ్చే తొడుగు, ఇచ్చింది. పొంగిపోయాను. రూమ్మేట్ తన ఆటలో జంట మీదికే నొక్కాడు. వాడికీ గేర్! ఇచ్చింది ఫింక్ మనిషి.

కొట్టబోయినవాడికీ బహుమతే, కాదన్నవాడికీ బహుమతే. ఎంత ధర్మబుద్ధి!

తర్వాత, తిరగబడ్డ నల్లజాతి నాయకురాలు డైసీ ఫిట్జ్‌రాయ్ చేత చిన్నపిల్లాడిని చంపబోయేలా చేయించి, ఆమె, పాలకులు అందరూ ఒకే తానులో ముక్కలేనని తేల్చేశారు. 2014లో డీఎల్‌సీ, అంటే ఆటకు విడిగా అమ్మే అదనపు భాగం, వచ్చి, ఆమెకు పిల్లాణ్ణి చంపే ఉద్దేశం లేదని, కావాలనే అలా నటించిందని సర్దిచెప్పింది. ఆ సర్దుబాటుకు మళ్లీ డబ్బులు.

తమ చుట్టాలూ తక్కువేం కాదు. ఫ్రీడమ్ క్రై అనే ఆటలో ఇంతమంది బానిసల్ని విడిపిస్తే కత్తికి అప్‌గ్రేడ్. తలలు లెక్కపెట్టేది బానిస వ్యాపారులే అనుకునేవాణ్ణి.

మాఫియా 3 అనే ఆట కాస్త నయం. 1968 నాటి అమెరికా దక్షిణాదిలో నల్లవాడైన లింకన్ క్లే కొన్ని దుకాణాల్లో నిలబడితే చాలు, ఓనరు పోలీసులకు ఫోన్ కొడతాడు. డబ్బున్న తెల్లవాళ్ల పేటకి పోలీసులు పరుగున వస్తారు, నల్లవాళ్ల పేటకి తీరిగ్గా వస్తారు.

వివక్షంటే అదిరా బటనూ! అది ఆగి నా అభిప్రాయం అడగదు. 2012 ఆగస్టులో వదంతులకు హడలిపోయి ఈశాన్య రాష్ట్రాలవాళ్లు వేలమంది ఇదే బెంగళూరులో గువాహటి రైళ్లెక్కారు. ఉంటావా, పోతావా అని వాళ్ల ముందు మీ వంశంలో ఎవడైనా వెలిగాడా? ఇంకోసారి నా మంచితనం పరీక్షించడానికి తెరమీదికొస్తే ఊరుకోను.

గేర్ మాత్రం వెనక్కివ్వను. బాగా పనికొస్తోంది.

ఇట్లు,
రిఫండ్ గడువు దాటిపోయిన ఒక ఆటగాడు