కూడిక గుర్తు, పక్కన పదిహేను

మెనూ కార్డు మీద వేటమాంసం వంటకం పేరు పక్కన, చత్వారం వచ్చినవాళ్ల కంటికి ఆననంత సన్నని అక్షరాల్లో, ఒక కూడిక గుర్తూ దాని పక్కన పదిహేనూ ఉన్నాయి. ఈ వ్యాసం యావత్తూ ఆ గుర్తు గురించే. లోకంలో ఇంతకంటే పెద్ద సమస్యలు లేవా అని అడగదలచినవారు ఆ భోజనానికి డబ్బు కట్టి ఉండరు కాబట్టి, వారికి జవాబు చెప్పుకోవలసిన అవసరం నాకు లేదు.

న్యూయార్క్ నగరం ఏడాదికి రెండుసార్లు, చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి, ‘రెస్టారెంట్ వీక్’ అనే వ్రతాన్ని ఆచరిస్తుంది. మామూలు రోజుల్లో గుమ్మం బయట నిలబడి మెనూ చదువుకుని వెనక్కు తిరిగిపోయే మనలాంటివాళ్ల కోసం, ఆ రోజుల్లో వందలాది హోటళ్లు 30, 45, 60 డాలర్లనే మూడు తరగతుల్లో, మధ్యాహ్నమైతే రెండు వంటకాలూ రాత్రయితే మూడు వంటకాలూ, ముందే చెప్పిన ధరకు వడ్డిస్తాయి. దీన్ని ఫ్రెంచిలో ‘ప్రీ ఫిక్స్’ అంటారు; స్థిరమైన ధర అని అర్థం. స్థిరం అన్నమాటను పాఠకులు దయచేసి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే హోటలువాళ్లు గుర్తుపెట్టుకోరు.

ఈ వ్రతానికి ఒక స్థలపురాణం కూడా ఉంది. 1992 జూలైలో డెమొక్రటిక్ పార్టీ జాతీయ మహాసభ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగి, అక్కడే బిల్ క్లింటన్‌ను అధ్యక్ష పదవికి అభ్యర్థిగా నిలబెట్టినప్పుడు, ఊరికి వచ్చిపడిన ప్రతినిధులనూ విలేకరులనూ హోటళ్లలోకి రప్పించడానికి టిమ్ జగాట్, జో బామ్ అనే ఇద్దరు పెద్దమనుషులు మూడు వంటకాల మధ్యాహ్న భోజనాన్ని 19 డాలర్ల 92 సెంట్లకు పెట్టించారు. సంవత్సరమే ధర, ధరే సంవత్సరం. ఆ లెక్కన ఏడాదికొక్క సెంటు చొప్పున పెంచుకుంటూ పోయినా 2025 నాటికి ఇరవై డాలర్ల పావలా దాటేది కాదు. మధ్యలో 2012 ఒలింపిక్స్ తమ ఊరికే రావాలని ముచ్చటపడి లంచ్ ధరను 20 డాలర్ల 12 సెంట్లుగా నిర్ణయించిన రోజులు కూడా ఉన్నాయి. ఒలింపిక్స్ లండన్‌కు పోయాయి, ధర మాత్రం పై అంతస్తుకు పోయింది.

వారం అన్నమాట సంగతి మరీ విచిత్రం. 2025 వేసవిలో ఈ ‘వారం’ జూలై 21న మొదలై ఆగస్టు 17న ముగిసింది. అంటే ఇరవై ఎనిమిది రోజుల వారమన్నమాట. పోనీ, నాలుగు వారాలను కలిపి ఒక వారం అన్నారు కదా, ఔదార్యమే అనుకుందామంటే, అందులో శనివారం లేదు. ఆదివారం యజమాని ఇష్టం. ఉద్యోగాలు చేసుకునే జనం తీరిగ్గా బయట తినగలిగే రెండు రోజుల్లో ఒకటి నిషిద్ధం, రెండోది అనుమానం. మా తాతల కాలంలో వారాలు చేసుకుని చదువుకున్న పేద పిల్లవాడికి కూడా శనివారం ఎవరో ఒక ఇల్లాలు విస్తరి వేసేది.

ఇంతకీ నేను ఈ వ్రతంలో ఎందుకు చిక్కుకున్నానంటే, మా మామగారూ అత్తగారూ తెనాలి నుంచి ఆరు నెలల మాట మీద జెర్సీ సిటీకి వచ్చి ఉన్నారు. వచ్చినవాళ్లకు స్వాతంత్ర్య దేవత విగ్రహం చూపించడం, టైమ్స్ స్క్వేర్‌లో ఫొటో తీయించడం అయిపోయాక, అల్లుడి తాహతు చూపించవలసిన ఘట్టం ఒకటి వస్తుంది. ఆ తాహతు తక్కువ ధరలో దొరుకుతున్న రోజులివి. ముందుగా టేబుల్ బుక్ చేయబోతే, సాయంకాలం ఐదుంబావుకు ఒకటీ, రాత్రి తొమ్మిదీ నలభై అయిదుకు ఒకటీ ఖాళీ ఉన్నాయని తెలిసింది. మనుషులు భోజనం చేసే వేళలను వదిలేసి, ఒకటి టిఫిన్ వేళకూ మరొకటి నిద్రవేళకూ కేటాయించిన ఆ శాస్త్రజ్ఞుడెవరో గానీ, మేము టిఫిన్ వేళనే ఎంచుకుని, ఒక మంగళవారం జెర్సీ సిటీ నుంచి న్యూయార్క్ వెళ్లే ‘పాత్’ రైలెక్కి నలుగురమూ బయలుదేరాము.

కూర్చోగానే రెండు మెనూలు ఇచ్చారు. ఒకటి తోలు అట్ట వేసిన అసలు మెనూ; రెండోది ఒకే ఒక కాగితం, మనది. ఆ కాగితం మీద ప్రతి వరుసకూ మూడేసి ఎంపికలుంటాయి, నిజానికి ఒకటే ఉంటుంది. మొదటి వరుసలో ఆకులు. రెండో వరుసలో కోడి, సాల్మన్ చేప, కాలీఫ్లవర్. మూడో వరుసలో గిన్నెలో వణికే తెల్లటి పదార్థం. ఆ హోటలుకు పేరు తెచ్చిన వేటమాంసం, ఏ వంటకం కోసమైతే మా మామగారిని ఇంతదూరం నడిపించానో ఆ వంటకం, రెండో వరుస చివర ఉంది, పక్కన కూడిక గుర్తుతో.

“ఈ కూడిక ఏమిటి అల్లుడుగారూ?” అన్నారు మామగారు. ఆయన ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా చేశారు. కూడికను కూడికగానే చూస్తారు.

“దాన్ని సప్లిమెంట్ అంటారండీ మామయ్యగారూ. ఆ వంటకం కావాలంటే మరో పదిహేను డాలర్లు కట్టాలి.”

“సప్లిమెంటా? అంటే పరీక్ష తప్పినవాళ్లు కట్టేదేనా?”

నాకు తెలిసి ఈ విధానాన్ని ఇంత క్లుప్తంగా, ఇంత న్యాయంగా వర్ణించినవారు మరొకరు లేరు. మనది తప్పిన పరీక్షే. పూర్తి ధర పెట్టి తినలేక, ఆర్నెల్లకోసారి వచ్చే ఈ అవకాశంలో కూర్చున్నాము. ఇక ప్రతి పేపరుకూ విడిగా ఫీజు కట్టాలి. ఉప్పువేసిన చాక్లెట్‌కు ప్లస్ ఆరు. సూపులో రొయ్యలు తేలాలంటే ప్లస్ తొమ్మిది. ఆ రొయ్యలు లేకపోతే అది సూపు కాదనీ, వేడినీళ్లనీ వాళ్లకూ తెలుసు, మనకూ తెలుసు. స్థిరమైన ధరకు దొరికేది ఏమిటయ్యా అంటే, మీరు తినడానికి రాని వంటకాలన్నీ. మీరు దేనికోసం వచ్చారో దాని పక్కన ఆ చిన్న గుర్తు శిలువలా నిలబడి ఉంటుంది. తిరుపతి వెళ్లినవాడికి కొండ ఉచితం, దర్శనానికి మాత్రం ప్లస్ పదిహేను అన్నట్టు.

అత్తగారికి శ్రావణమాసం. నీచు ముట్టరు. అందుచేత ఆవిడకు కాలీఫ్లవర్ వచ్చింది. దీన్ని పాఠకులు కళ్లకు కట్టినట్టు చూడాలి కాబట్టి తాపీగా చెబుతాను. అంత వెడల్పు తెల్లటి పళ్లెం. దాని మధ్యలో, పువ్వును నిలువుగా కోస్తే వచ్చే ఒకే ఒక చెక్క, అంచులు మాడి, ఏదో పచ్చటి చమురులో పడుకుని ఉంది. పైన నాలుగు దానిమ్మ గింజలు. లెక్కపెట్టాను, నాలుగే. ఆవిడ దానివైపు కొంతసేపు చూసి, కూతురితో నెమ్మదిగా, “మిగతా పువ్వు వంటింట్లో ఉందా అమ్మా?” అని అడిగింది. మా ఆవిడ మంచినీళ్లు తాగింది. ఆ మంచినీళ్లు కూడా సీసా పది డాలర్లని తర్వాత తెలిసింది.

మామగారు వేటమాంసం తీసుకున్నారు. రెండంటే రెండు సన్నటి పక్కటెముకలు, ఎముక కొసలు ఆకాశంవైపు చూస్తూ, ఒకదానికొకటి ఆనుకుని వచ్చాయి. ఆయన వాటిని మూడు నిమిషాల్లో పూర్తిచేసి, అన్నం కోసం చూశారు. అన్నం విడిగా తొమ్మిది డాలర్లు, తెప్పించాను. అప్పుడు ఆయన, జీవితమంతా ఫుల్ మీల్స్ బోర్డున్న చోట మాత్రమే హోటల్ భోజనం చేసిన మనిషి కాబట్టి, అటుగా వెళుతున్న సర్వర్ కుర్రాణ్ణి చేత్తో పిలిచి, ఖాళీ పళ్లెం చూపించి, చిరునవ్వుతో ఇంగ్లీషులో మారు అడిగారు. “ఒన్స్ మోర్, బాబూ.”

కుర్రాడికి అర్థం కాలేదు. మరో ప్లేటు ఆర్డరిస్తున్నారనుకుని, అది మరో అరవై, ఆపైన మరో పదిహేను అవుతుందని వినయంగా చెప్పాడు. మామగారికీ అర్థం కాలేదు. ధర ముందే అనుకున్నాక, వడ్డించినవాడు రెండోసారి వడ్డించడానికి డబ్బేమిటి? పప్పు, వేపుడు, పచ్చడి, పులుసు, పెరుగు అన్నీ ఉన్న భోజనానికి ఒకే టోకెన్ కొనుక్కుని, చాలు చాలు అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేదాకా వేయించుకున్న మనిషికి, స్థిరమైన ధర అంటే అదొక్కటే అర్థం: ధర కదలదు, కడుపే కదలాలి. ఇక్కడ కడుపు కదలలేదు, ధర నడుస్తోంది. ఒక రూపాయి కూడా అదనంగా తీసుకోకుండా సాంబారు బకెట్టుతో మూడుసార్లు బంతి చుట్టూ తిరిగే మన సప్లయర్ ఈ ఫ్రెంచి మాటను ఎన్నడూ వినలేదు. దాన్ని ఆచరించేది అతనొక్కడే.

బిల్లు వచ్చింది. నాలుగు భోజనాలు 240. వేటమాంసపు సప్లిమెంటు 15, అన్నం 9, రెండు సీసాల నీళ్లు 20, వెరసి 284 డాలర్లు. న్యూయార్క్ అమ్మకపు పన్ను 8.875 శాతం చొప్పున 25 డాలర్ల 21 సెంట్లు. ఇరవై శాతం టిప్పు 56 డాలర్ల 80 సెంట్లు. మొత్తం 366 డాలర్ల 1 సెంటు. మామగారు జేబులోంచి పెన్ను తీసి నాప్‌కిన్ మీద నాలుగుతో భాగించి, మనిషికి తొంభై ఒకటిన్నర అని తేల్చి, కింద గీత గీసి, “అరవై అన్నారు కదూ?” అన్నారు. ఆ గీత కింద నా తాహతు ఉంది.

ఆ యాభై ఆరు డాలర్ల ఎనభై సెంట్ల గురించి మాత్రం నాకు పరాచికాలాడబుద్ధి కావడం లేదు. ఇలాంటి హోటళ్లకు వెళ్లొచ్చిన మనవాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో ఒకరికొకరు చెప్పుకునే చిట్కా ఒకటుంది: ఎలాగూ తక్కువ ధరకు వచ్చాము కదా, టిప్పు పది శాతం చాలు, అడిగితే సర్వీసు ఆలస్యమైందని చెప్పు. ఏటా తన జీతం రెండు శాతం తక్కువ పెరిగిందని మేనేజరు మీద నెలల తరబడి పళ్లు నూరే మనిషే ఈ సలహా ఇస్తాడు. 2025లో న్యూయార్క్ నగరంలో కనీస వేతనం గంటకు పదహారున్నర డాలర్లు. కానీ అప్పట్లో భోజనం వడ్డించేవాడికి యజమాని తన జేబులోంచి పదకొండే ఇస్తే సరిపోయేది. మిగతా అయిదున్నర టిప్పుల్లోంచి వస్తుందని చట్టమే లెక్కగట్టింది. అంటే మనం బల్లమీద పెట్టేది బహుమానం కాదు, ఎవరో ఎగ్గొట్టిన జీతం. అమెరికా కేంద్ర చట్టం ప్రకారమైతే టిప్పుల మీద బతికేవాళ్లకు యజమాని ఇవ్వవలసిన కనీసం గంటకు 2 డాలర్ల 13 సెంట్లు, అది 1991 నుంచి అక్కడే ఉంది. ఈ దేశంలో నిజంగా స్థిరమైన ధర చూడాలనుకునేవాళ్లు దాన్ని చూడండి. దానికి మాత్రం ఏ కూడిక గుర్తూ లేదు.

ఈ పండగ ఖర్చు ఎవరు భరిస్తున్నారో ఒక్కసారి లెక్క వేయండి. మామూలు రోజున మనిషికి వంద డాలర్లయ్యే చోట సర్వర్‌కు ఇరవై ముడుతుంది. అదే మనిషికి అరవైకి వడ్డిస్తే పన్నెండు. పళ్లెం బరువు తగ్గలేదు, మెట్లు తగ్గలేదు, బల్లలు పెరిగాయి, మారు అడిగే మామగార్లు పెరిగారు, కూలి మాత్రం నలభై శాతం తగ్గింది. తగ్గింపు ప్రకటించింది యజమాని, చప్పట్లు నగరానికి, కోత వడ్డించేవాడికి. ఇక వెనక వంటింట్లో ఆ వెడల్పు పళ్లేలన్నీ కడిగేవాడి సంగతి చెప్పనే అక్కరలేదు. వడ్డనతో సంబంధం లేనివాళ్లకు టిప్పులో వాటా ఇవ్వకూడదని న్యూయార్క్ చట్టం. ఇవన్నీ తెలిసి పదిశాతం రాసి సంతకం పెట్టి లేచేవాణ్ణి పిసినారి అనకూడదు. పిసినారి తన డబ్బు దాచుకుంటాడు. వీడు ఇంకొకడి కూలి దాచుకుంటున్నాడు.

మేము లేచేసరికి ఆరూ నలభై అయిదు. తొంభై నిమిషాలకు బల్ల ఖాళీ చేయాలని బుక్ చేసినప్పుడే చెప్పారు కాబట్టి, గుమ్మం దగ్గర రెండో బంతి అప్పటికే నిలబడి ఉంది. మామగారు కదల్లేదు. పళ్లేలు తీస్తున్న ఆ కుర్రాణ్ణి చూపించి, “ఈ అబ్బాయి ఎప్పుడు తింటాడో కనుక్కోండి” అన్నారు. అడిగాను. హోటలు తెరవకముందే, నాలుగింటికి, పనివాళ్లందరికీ కలిపి వండుతారనీ, ఇవాళ పాస్తా, కోడికూర అనీ చెప్పాడు.

“మారు వేస్తారా అని అడగండి.”

అదీ అడిగాను. ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చన్నాడు కుర్రాడు, కొంచెం ఆశ్చర్యంగా.

మామగారు కుర్చీ వెనక్కు జరిపి లేచి, నాప్‌కిన్‌ను మడిచి లాల్చీ జేబులో పెట్టుకుని, “ఈసారి నాలుగింటికి వద్దాము అల్లుడుగారూ, వెనక గుమ్మం వైపు నుంచి” అన్నారు.