ఎంఓటీ నెల వచ్చిందంటే

ఇక్కడ ఇంగ్లండులో మూడేళ్లు దాటిన కారుకు ఏటా ఎంఓటీ పరీక్ష తప్పదు, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి తగినదో కాదో చూసే తనిఖీ. నాది 2001 నాటి రెండు సీట్ల జపాను స్పోర్ట్స్ కారు. బట్ట పైకప్పు. ఇంజినుకు ఈ రోజుకూ వంక పెట్టలేం. ప్రాణం తీస్తున్నది తుప్పు ఒక్కటే.

పైకప్పు మీద పడిన వాన సీట్ల వెనకున్న సన్నని గొట్టాల గుండా కిందికి పోవాలి. ఎండుటాకులు, మట్టి చేరి అవి పూడుకుపోతే నీళ్లు తలుపు కింది ఉక్కు పెట్టెలోకి చేరి అక్కడే నిలుస్తాయి. దానికి తోడు చలికాలమంతా రోడ్ల మీద చల్లే ఉప్పు. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల రేకు అప్పడంలా పెళుసైపోతుంది. నిన్న స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూశాను. ఖంగుమనాల్సిన చోట చప్పుడే లేదు. కాస్త నొక్కగానే వేలు లోపలికి దిగింది. చేతి నిండా ఎర్రటి పొడి, దాంతో పాటు పుట్టీ పెళ్లలు!

సీటు బెల్టు, సస్పెన్షన్ బిగించిన చోటికి 30 సెంటీమీటర్ల లోపు రేకు బలం పోయిందంటే ఫెయిలే. ఆ నియమాన్ని తప్పుపట్టను, మనుషుల ప్రాణాలతో పని. నా కోపమంతా ఈ కారు నాకు అమ్మిన మనిషి మీద. తుప్పు కోసి కొత్త రేకు వేయించకుండా, పుట్టీ మెత్తి పైన నల్లరంగు పూసి అంటగట్టాడు. రెండేళ్లు దాని మీదే నా కూతురిని కూర్చోబెట్టుకుని తిరిగాను.

పరీక్ష రుసుము గరిష్ఠంగా 54.85 పౌండ్లు. వెల్డింగుకు అడిగింది దానికి పదిహేను రెట్లు. గడువు పంతొమ్మిదో తేదీ. వెల్డరుకు ఇరవై నాలుగు దాకా తీరిక లేదట.