సవరణ: ఒట్టో డిక్స్ గుర్రపు స్వారీ బొమ్మ యాసిడ్ పని కాదు

మొన్న జర్మన్ చిత్రకారుడు ఒట్టో డిక్స్ ‘అమెరికన్ రైడింగ్ యాక్ట్’ ప్రింట్ (లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ) గురించి రాస్తూ, అది రేకు మీద గీతలను యాసిడ్‌ చేత తినిపించి చేసే ఎచింగ్ అనీ, 1924 నాటి ‘యుద్ధం’ సిరీస్‌లోదనీ అన్నాను. రెండూ తప్పే, క్షమించండి. అది 1922లో వచ్చిన ‘సర్కస్’ అనే పది ప్రింట్ల సెట్‌లోది, పద్ధతి డ్రైపాయింట్.

పేరు మారితే ఏముందిలే అనుకోకండి, బొమ్మ చూసే తీరే మారిపోతుంది. డ్రైపాయింట్‌లో యాసిడ్ ఉండదు, గట్టి సూదితో రాగి రేకు మీద చేతి బలంతో నేరుగా గీకుతారు. నాగలి సాగినప్పుడు పక్కన మట్టి లేచినట్టు గీత అంచున సన్నటి రాగి పొర లేస్తుంది, సిరా దాన్ని పట్టుకుని కాగితం మీద మఖమల్‌లా కాస్త అలుక్కున్నట్టు దిగుతుంది. గీత పక్కన కనిపించే ఆ నల్లటి నీడే నాకు ప్రాణం, దాన్నే నేను యాసిడ్ ఖాతాలో వేశాను! ప్రెస్సులో నలిగేకొద్దీ ఆ అంచు అణిగిపోతుంది కాబట్టి మంచి కాపీలు కొన్నే వస్తాయి.

ఇంకొకటి, డిక్స్‌ని ఎక్స్‌ప్రెషనిస్ట్ (కంటికి కనిపించిన దానికన్నా మనసులోని ఉద్వేగాన్నే బొమ్మగా వేసేవాడు) అని రాసి వదిలేశాను. మొదట్లో ఆ దారిలోనే నడిచాడు గానీ, ఈ సర్కస్ బొమ్మల నాటికే అతని చూపు కరుకైన వాస్తవం వైపు తిరిగింది. 1925లో జర్మనీలోని మన్‌హైమ్‌లో జరిగిన ఎగ్జిబిషన్ ఆ ధోరణికి ‘న్యూ ఆబ్జెక్టివిటీ’ అని పేరు పెట్టింది. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా జత చేయండి.