కంపెనీ అమ్ముడైతే మన ఇంట్లోని వస్తువు కూడా అమ్ముడైనట్టేనా?

విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధ డేటా సెంటర్ నిర్మిస్తామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. అప్పటి నుంచి మన నగరంలో నలుగురు కూడిన చోటల్లా ఉద్యోగాల గురించి, ఆ డేటా సెంటర్ రానున్న తర్లువాడ చుట్టుపక్కల భూముల ధరల గురించి, నీటి గురించి, కరెంటు గురించి చర్చ నడుస్తోంది. అవన్నీ చర్చించవలసిన విషయాలే. అయితే ఆ ప్రకటన వెలువడిన పదకొండో రోజున, అంటే అక్టోబరు 25న, అదే సంస్థ చేసిన మరో పని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడినట్టు లేదు. గది ఉష్ణోగ్రతను అదుపు చేసే నెస్ట్ పరికరాల్లో మొదటి, రెండవ తరాల వాటికి ఆ రోజుతో మద్దతు ఆపేసింది. గోడ దగ్గరకు వెళ్లి చేత్తో తిప్పుకుంటే అవి ఇప్పటికీ పనిచేస్తాయి, కానీ ఫోన్ నుంచి నడిపే సౌకర్యం పోయింది. జనం వాటికి అంత డబ్బు పెట్టింది ఆ సౌకర్యం కోసమే. పైగా అవి 2011, 2012 సంవత్సరాల్లో నెస్ట్ అనే చిన్న కంపెనీ తన సొంత పేరుతో అమ్మినవి. గూగుల్ ఆ కంపెనీని 320 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది 2014లో. ఆ పరికరాలు కొన్నవారు మాట తీసుకున్నది ఒకరి దగ్గర, ఆ మాటకు గడువు తీరిందని చెప్పినది మరొకరు.

నెస్ట్ విషయంలో కనీసం పదేళ్లకు పైగా గడిచాయి. రివాల్వ్ కథ అంతకన్నా ఘోరం. ఆ చిన్న కంపెనీ 300 డాలర్లకు ఒక పెట్టె అమ్మేది. వేర్వేరు కంపెనీల దీపాలను, తలుపు తాళాలను, సెన్సర్లను ఒకే యాప్‌తో నడపడం దాని పని. జీవితకాల సేవ ఆ ధరలోనే కలిసి ఉందని చెప్పి అమ్మారు. హుద్‌హుద్ తుఫాను మన నగరాన్ని అతలాకుతలం చేసిన 2014 అక్టోబరులోనే రివాల్వ్‌ను నెస్ట్ కొనుగోలు చేసి, పెట్టెల అమ్మకాన్ని నిలిపివేసింది. నెస్ట్‌కు కావలసింది ఆ కంపెనీలోని ఇంజనీర్లు తప్ప ఆ పెట్టె కాదు. 2016 మే 15న, ఆ పెట్టెలను దూరం నుంచి నడిపే కంపెనీ కంప్యూటర్‌ను, అంటే సర్వర్‌ను ఆపేయడంతో, ఇళ్లలో ఉన్న ఆ పెట్టెలన్నీ ఒక్కసారిగా ఎందుకూ పనికిరాకుండా పోయాయి. వాటిలో ఏ భాగమూ కాలిపోలేదు, ఏ తీగా తెగలేదు. డబ్బు పూర్తిగా చెల్లించి ఇంట్లో పెట్టుకున్న ఆరోగ్యమైన వస్తువును, వేల మైళ్ల దూరంలో కూర్చున్నవారు, ఆ ఇంటి గడప తొక్కకుండానే చంపేశారు. వినియోగదారులు గట్టిగా నిలదీశాక, ఒక్కొక్కరి విషయం విడిగా చూసి పరిహారం ఇస్తామన్నారు. నిలదీయని వారి మాటేమిటన్నది ఎవరూ అడగలేదు.

ఇవి అమెరికా ముచ్చట్లు, మనకెందుకని అనుకోవడానికి వీల్లేదు. ఎంవీపీ కాలనీలో మా అమ్మానాన్నలు ఉంటున్న ఇంటికి, అమెరికాలో ఉన్న మా అక్క పట్టుబట్టి కెమెరాను, స్మార్ట్ డోర్‌బెల్‌ను పెట్టించింది. పిల్లలు విదేశాల్లో ఉండి పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్న ఇళ్లు ఈ నగరంలో వీధికి ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. ఆ పరికరాలు చేసిన కంపెనీని ఒక పెద్ద సంస్థ కొన్నది. కొద్దికాలానికి పాత ఖాతా చెల్లదని, కొత్త సంస్థ ఖాతాలోకి మారాలని యాప్ అడగడం మొదలుపెట్టింది. మారాలంటే ఓటీపీ అక్క ఫోన్‌కు వెళుతుంది, అక్కడ అప్పుడు అర్ధరాత్రి. అంతవరకు ఉచితంగా ఉన్న పాత రికార్డింగులు చూసుకునే సౌకర్యానికి నెలవారీ చందా వచ్చింది. స్టీలు ప్లాంటులో ఉద్యోగమంతా యంత్రాల మధ్యనే గడిపిన మా నాన్నగారు, ఆ షరతుల పేజీని ఓపిగ్గా చివరిదాకా చదివి నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "పాత షరతుల మీదే వాడుకుంటామని చెప్పడానికి ఇందులో చోటెక్కడుందిరా?" అలాంటి చోటు లేదు. అంగీకరిస్తున్నాను అనే బటన్ ఒక్కటే ఉంది, దాన్ని నొక్కకపోతే గుమ్మం ముందు ఎవరు నిలబడ్డారో మా అమ్మకు కనిపించదు. డెబ్బై దాటిన మనిషిని ఇంటి భద్రతకు, సమ్మతికి మధ్య నిలబెట్టి తీసుకున్న అంగీకారాన్ని అంగీకారం అనడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

ఈ ఖాతా మార్పిడి ఏ ఒక్క కంపెనీ అలవాటో కాదు. ఆరోగ్య వివరాలు నమోదు చేసే చేతి గడియారాల కంపెనీ ఫిట్‌బిట్‌ను 210 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు గూగుల్ 2019లో ప్రకటించింది, ఆ ఒప్పందం 2021 జనవరిలో పూర్తయింది. ఆ తర్వాత పాత ఫిట్‌బిట్ ఖాతాలున్నవారంతా గూగుల్ ఖాతాలోకి మారాలన్న నిబంధన వచ్చింది. కళ్లకు పెట్టుకునే వర్చువల్ రియాలిటీ పరికరాల కంపెనీ ఆక్యులస్‌ను కొన్న ఫేస్‌బుక్ 2020లో కొత్తగా చేరేవారికి ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి చేసి, విమర్శలు పెరిగాక 2022లో ఆ షరతును వదులుకుంది. చేతి గడియారం మన గుండె చప్పుడును లెక్కపెడుతుంది, మన నిద్రను నమోదు చేస్తుంది. ఆ వివరాలు ఒక గడియారాల కంపెనీ దగ్గర ఉండటం వేరు, ప్రకటనల వ్యాపారం మీద బతికే సంస్థ దగ్గర ఉండటం వేరు. ఐరోపా వాళ్లు ఈ తేడాను గుర్తించారు. అక్కడి వినియోగదారుల ఫిట్‌బిట్ ఆరోగ్య వివరాలను ప్రకటనల కోసం వాడకూడదని పదేళ్ల షరతు పెట్టాకే ఐరోపా కమిషన్ 2020 డిసెంబరులో ఆ కొనుగోలుకు అనుమతి ఇచ్చింది. ఆ కట్టుబాటు ఐరోపా ఆర్థిక ప్రాంతానికే పరిమితం. బీచ్ రోడ్డులో పొద్దున్నే అదే గడియారం కట్టుకుని నడిచే మనిషికి అది వర్తించదు.

మన దేశంలోనూ పెద్ద కంపెనీల విలీనాలను పరిశీలించే కాంపిటీషన్ కమిషన్ ఉంది. ఒప్పందం విలువ 2000 కోట్ల రూపాయలు దాటి, ఆ కంపెనీకి మన దేశంలో గణనీయమైన వ్యాపారం ఉంటే ముందుగా అనుమతి తీసుకోవాలన్న నిబంధన 2024 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. మంచి నిబంధనే, కానీ ఇళ్లలోని వస్తువులను చంపే కొనుగోళ్లు చాలావరకు అంత పెద్దవి కావు. రివాల్వ్ వంటి చిన్న కంపెనీ చేతులు మారినప్పుడు ఏ దేశపు కమిషన్ తలుపూ తట్టవలసిన అవసరం రాదు. కాబట్టి దీనికి మందు పోటీ చట్టంలో లేదు, వినియోగదారుల చట్టంలోనే ఉండాలి.

నేను అడుగుతున్నది కొత్త సూత్రమేమీ కాదు. మధురవాడలో ఒకరు ఇల్లు అద్దెకిచ్చి, ఆ తర్వాత ఆ ఇంటిని అమ్మేశారనుకుందాం. కొన్నవారు మర్నాడే వచ్చి అద్దెదారు సామాను బయట పెట్టలేరు. పాత యజమాని ఒప్పుకున్న బాధ్యతలు అద్దెదారు కోరితే కొత్త యజమానికీ వర్తిస్తాయని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ చెబుతోంది. అద్దెకున్నవారికే అంత రక్షణ ఉన్న దేశంలో, పూర్తి ధర చెల్లించి సొంతం చేసుకున్నవారికి ఏ రక్షణా లేకపోవడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది. పరికరం అమ్మిన రోజున ఏ సేవలు, ఎన్నేళ్లపాటు, ఏ ఖాతాతో, ఏ రుసుముతో ఇస్తామన్నారో, ఆ మాట కంపెనీని కొన్నవారినీ కట్టివేయాలి. ఆ సంవత్సరాల సంఖ్య పెట్టె మీద ధర పక్కనే అచ్చు వేయాలి. భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో ముందే చెప్పాలని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టబద్ధం చేసింది, మనమూ చేయగలం.

పాత పరికరాలను ఎల్లకాలం మోయడం కంపెనీలకు సాధ్యం కాదని, అప్‌డేట్లు ఆగిపోయిన పాత కెమెరా దొంగలకు దారి చూపుతుందని కొందరు మిత్రులు అంటున్నారు. రెండవ మాట ముమ్మాటికీ నిజం. కానీ మోయలేనివారు వదిలేయవచ్చు కదా, వదిలేసేముందు తాళం తీసి ఇవ్వమనే, అంటే కొన్నవారే నడుపుకునేలా సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేయమనే నేను కోరుతున్నాను. పెబుల్ అనే చేతి గడియారాల కంపెనీ ఆస్తులను 2016 డిసెంబరులో ఫిట్‌బిట్ కొన్నది, 2018 జూన్ 30న ఆ సేవలు ఆగిపోయాయి. అయినా రెబుల్ పేరుతో కూడిన ఔత్సాహికులు సొంతంగా సర్వర్లు పెట్టి ఆ గడియారాలను బతికించుకున్నారు. తర్వాత ఫిట్‌బిట్ ద్వారా పెబుల్ సాఫ్ట్‌వేర్ గూగుల్ చేతికి చేరింది, 2025 జనవరిలో గూగుల్ దాని సోర్స్ కోడ్‌ను, అంటే ఆ సాఫ్ట్‌వేర్ రాసిన అసలు ప్రోగ్రామును అందరికీ విడుదల చేసింది. అంటే తలచుకుంటే చేయగలరు. ఆరున్నరేళ్ల తర్వాత దయతో చేసిన ఆ పనిని, సర్వర్ ఆపే రోజే విధిగా చేయాలని చట్టం చెప్పాలి.

ఈ నగరంలో ఉన్నవారికి మరో కారణం కూడా ఉంది. హుద్‌హుద్ తర్వాత కరెంటూ ఫోన్లూ లేకుండా గడిపిన రోజులు మనకు ఇంకా గుర్తే. జనరేటర్ వేసుకున్నా, ఇన్వర్టర్ ఉన్నా, నెట్ లేకపోతే పక్క గదిలోని బల్బు కూడా వెలగని ఏర్పాటు తుఫాన్ల తీరానికి పనికిరాదు. డాబాగార్డెన్స్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇలాంటి వస్తువు కొనేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: ఇంట్లో వైఫై ఉండి బయటి ఇంటర్నెట్ లేకపోయినా ఇది పనిచేస్తుందా? బయటి సర్వర్ అవసరం లేకుండా ఇంట్లోనే నడిచే హోమ్ అసిస్టెంట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలిసే పరికరాలు, ఇంటర్నెట్ లేకుండానే ఇంట్లోని వస్తువులను కలిపే జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో నడిచేవి ఇప్పుడు దొరుకుతున్నాయి. బెల్కిన్ సంస్థ ఫోన్‌తో నడిచే ప్లగ్గులు, స్విచ్‌ల వంటి తన వీమో పరికరాలకు 2026 జనవరి 31తో సేవలు నిలిపివేస్తామని ప్రకటించినప్పుడు, గడువులోగా ఇంటి వస్తువులను నడిపే యాపిల్ ఏర్పాటు హోమ్‌కిట్‌తో కలుపుకున్నవి మాత్రం పనిచేస్తూనే ఉంటాయని చెప్పింది. బెల్కిన్ కూడా 2018లో ఫాక్స్‌కాన్ చేతికి వెళ్లిన కంపెనీయే.

ఇప్పటికే ఇలా నష్టపోయినవారు బిల్లును, పెట్టెను పారేయకండి. కొన్ననాడు ఆ వస్తువు గురించి కంపెనీ ఏమని ప్రకటించిందో ఆ పేజీని, ఆ తర్వాత మారిన షరతుల పేజీని ఫొటో తీసి దాచుకోండి. ఇచ్చిన మాటను మధ్యలో మార్చడం సేవాలోపమని, అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ ముందు వాదించవచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. మా ఇంటి కెమెరా విషయంలో నేను ఆ కాగితాలు సిద్ధం చేస్తున్నాను. ఇదే ఇబ్బంది పడిన విశాఖవాసులు ఎవరైనా ఉంటే, మీ దగ్గర ఉన్న ఆధారాలేమిటో ఇక్కడే రాయండి, వీలైతే కలిసి వేద్దాం.