‘ఫెయిలైనవాడే లీడర్’ అంటున్న మెసేజ్‌కు బరంపురం నుంచి జవాబు

ఈ మెసేజ్ ఏళ్ళ తరబడి తిరుగుతోంది. మీకూ వచ్చే ఉంటుంది. "ఫస్ట్ క్లాసులో పాసైనవాడు డాక్టరో ఇంజినీరో అవుతాడు. సెకండ్ క్లాసువాడు ఆఫీసరై వాళ్ళ మీద పెత్తనం చేస్తాడు. థర్డ్ క్లాసువాడు రాజకీయాల్లోకి వచ్చి ఇద్దర్నీ ఆడిస్తాడు." ఒడిశాలోని మా బరంపురం తెలుగువాళ్ళ గ్రూపుల్లోకి వచ్చేసరికి దీనికి ఇంకొన్ని మాటలు చేరాయి. కామరాజ్ ఏ కాలేజీలో చదివారు అని ఒకటి. నాయకత్వం పుట్టుకతో రావాలి గానీ నేర్చుకుంటే వచ్చేది కాదని ఇంకొకటి. చివరి మాట మనవాళ్ళే ఎవరో కలిపారు: "ఒడిశాలో తెలుగువాడికి రాజకీయాలు దండగ. పిల్లల్ని బాగా చదివించి వైజాగో హైదరాబాదో పంపేయండి."

ఇన్నాళ్ళూ చూసి వదిలేశాను. మొన్న ప్లస్ టూ చదువుతున్న మా మేనల్లుడు దీన్ని స్టేటస్‌లో పెట్టుకున్నాడు. "ఏరా, ఇది నిజమనే అనుకుంటున్నావా?" అని అడిగితే, "మన వార్డు చూస్తే తెలియట్లేదా మామయ్యా" అన్నాడు. ఒక్క మాటలో వాడికి జవాబు చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

ముందుగా, ఆఫీసర్లను ఆడిస్తాడన్న మాట. చదువు లేనివాడు గెలుస్తాడు, నిజమే. గెలిచాక ఎవరు ఎవర్ని ఆడిస్తున్నారన్నది నేను దగ్గర నుంచి చూశాను. కొన్నేళ్ళ క్రితం మా పేటలో ఒక స్కూల్లో తెలుగు చెప్పే టీచరు రిటైరయ్యారు. ఆ పోస్టు ఖాళీగా ఉండిపోయింది. తల్లిదండ్రులం పదిమందిమి కలిసి, మాకు పెద్దదిక్కు అనుకున్న ఒక నాయకుణ్ణి వెంటపెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాం. ఆయన వస్తే మనుషులు లేచి నిలబడతారు. అక్కడి అధికారి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. తర్వాత నెమ్మదిగా మూడు ప్రశ్నలు అడిగాడు. ఏ తరగతిలో ఎంతమంది తెలుగు పిల్లలున్నారు? మంజూరైన పోస్టులు ఎన్ని? ఏ నిబంధన కింద అడుగుతున్నారు? మా నాయకుడు మా వైపు చూశారు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా అర్జీలో "దయతో", "కృపతో" అన్న మాటలు తప్ప ఒక్క అంకె కూడా లేదు. "పరిశీలిస్తాం" అన్నారు, వచ్చేశాం. ఆ పోస్టు మా పిల్లలు ఆ స్కూలు దాటేదాకా భర్తీ కాలేదు.

ఆ గదిలో పెత్తనం ఎవరిది? ఫైలు చదవగలిగినవాడిది. చదవలేని నాయకుడు ఎవరో వేలు పెట్టి చూపించినచోట సంతకం పెడతాడు. మెసేజ్ రాసినవాడు కారు చూశాడు, దండలు చూశాడు. సంతకం ఎలా పడుతుందో చూడలేదు.

ఇక కామరాజ్ గారి సంగతి. ఆయన బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయింది, అబద్ధం లేదు. కానీ ఏళ్ళ తరబడి జైల్లో గడిపిన మనిషి అక్కడ చదువుకుంటూనే ఉన్నారు. 1954లో మద్రాసు ముఖ్యమంత్రి అయ్యాక ఆయన చేసిందేమిటి? బళ్ళు తెరిపించడం. ఆకలితో ఉన్న పిల్లవాడు బడికి రాడని మధ్యాహ్న భోజనం పెట్టించడం. అంతకు ముందటి ప్రభుత్వం సగం పూట బడి, మిగతా పూట తండ్రి కులవృత్తి అంటూ తెచ్చిన పథకాన్ని తీసేయడం. చదువు అక్కర్లేదని నమ్మిన మనిషి చేసే పనులేనా ఇవి? తనకు దక్కనిది ఏమిటో ఆయనకు తెలుసు. ఆయన పేరు చెప్పి పిల్లలకు చదువు మీద చులకన నేర్పడం చూస్తే నాకు నిజంగా బాధ వేస్తుంది.

అయితే డిగ్రీ ఉన్నవాళ్ళనే నిలబెట్టాలంటారా అని మీరు అడగొచ్చు. అననండి. చట్టాన్ని అమలు చేసే ఉద్యోగికి అన్ని అర్హతలు అడుగుతూ, చట్టం చేసేవాడికి ఏమీ అడగకపోవడం గురించి 1949 నవంబరు 26న రాజ్యాంగ సభలో రాజేంద్ర ప్రసాద్ గారు విచారపడ్డారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ సర్టిఫికెట్టుతో ఆ లోటు తీరదు. రాజస్థాన్, హర్యానా పంచాయతీ ఎన్నికలకు చదువు అర్హత పెట్టాయి, 2015లో సుప్రీంకోర్టు హర్యానా చట్టాన్ని సమర్థించింది కూడా. దెబ్బ తగిలింది ఎవరికి? బడికి పంపని ఇళ్ళలో పుట్టిన ఆడవాళ్ళకు, దళితులకు. రాజస్థాన్ 2019లో ఆ నిబంధనను తీసేసింది. మంచి పని చేసింది.

బడికి వెళ్ళడం వేరు, నేర్చుకోవడం వేరు. మా రాయగడ వైపు నియమగిరి కొండలనే చూడండి. అక్కడ బాక్సైట్ తవ్వాలా వద్దా అన్న విషయం పల్లీ సభల ముందు, అంటే ఊరివాళ్ళంతా కూర్చునే సభల ముందు పెట్టాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్ళలో సభలు జరిగాయి. జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదుట ఆ కొండల్లో ఉండే గిరిజనులు, డోంగ్రియా కంధులు, లేచి తమ భాషలోనే మాట్లాడారు. వాళ్ళలో చాలామంది బడి మొహం చూడనివాళ్ళు. పన్నెండు సభలూ వద్దనే చెప్పాయి. ఏ ఊట ఎక్కడ పుడుతుందో, కొండ తొలిస్తే ఏ వాగు ఎండుతుందో, అడవిలో తమకున్న హక్కేమిటో వాళ్ళకు తెలుసు. తెలుసుకున్నారు కాబట్టే నిలబడగలిగారు. మన వంశధార పుట్టేది కూడా ఆ ప్రాంతంలోనే. ఆ నీళ్ళు తాగే గుణుపురం, కాశీనగర్, హిరమండలం తెలుగువాళ్ళం ఆ మనుషులకు ఎంత రుణపడి ఉన్నామో ఎప్పుడైనా అనుకున్నామా?

నాయకత్వం పుట్టుకతో వస్తుందన్న మాటకు జవాబు మా ఊళ్ళోనే ఉంది. వి.వి. గిరి గారు పుట్టింది బరంపురంలో, 1894 ఆగస్టు 10న. లా చదవడానికి 1913లో ఐర్లాండ్ వెళ్ళారు. డబ్లిన్‌లో ఆయన కళ్ళారా చూసింది సమ్మెలు, కార్మిక సంఘాలు, స్వాతంత్ర్యం కోసం రగులుతున్న ఒక చిన్న దేశం. 1916లో తిరిగొచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు, తర్వాత దాన్ని వదిలేసి ఉద్యమంలోకి దిగారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల మధ్య ఏళ్ళు గడిపారు. వాళ్ళ జీతాల లెక్క, డ్యూటీ గంటల లెక్క వాళ్ళతో కూర్చుని నేర్చుకున్నారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు.

ఆ పదేళ్ళ తర్వాత జరిగింది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. 1937 ఎన్నికల్లో గిరి గారు పోటీ చేసింది బొబ్బిలి రాజా మీద, అదీ బొబ్బిలిలోనే. ఆ రాజా గారు అప్పటిదాకా మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రిగా, ఇప్పటి మాటలో ముఖ్యమంత్రిగా, ఉన్నవారు. పుట్టుకతో నాయకత్వం వస్తుందంటే అంతకు మించిన పుట్టుక ఎవరికుంటుంది? సంస్థానం, పేరు, పదవి అన్నీ ఒకవైపు. రైల్వే కూలీలతో తిరిగి నేర్చుకున్న మనిషి ఇంకోవైపు. గిరి గారు గెలిచారు. 1952లో మా పర్లాకిమిడి పక్కనున్న పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో ఆ పదవిని వదిలేశారు. తను ఏళ్ళ తరబడి నేర్చుకున్న దానికి విరుద్ధంగా నిలబడలేకపోయారు. నిజమైన నాయకుడు కావాలి అని మనం అంటుంటామే, నాకు ఆ మాట వినగానే గుర్తొచ్చేది రాష్ట్రపతి గిరి గారు కాదు, ఆ రాజీనామా.

ఇంకొకరున్నారు. ఆయన ఎన్నికల మనిషి కారు కానీ ఈ సంగతి మాట్లాడుతూ ఆయన్ని వదిలేయలేను. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో పర్లాకిమిడికి బడిపంతులుగా వచ్చారు. పని చేస్తూనే సొంతంగా చదువుకుని బి.ఏ. పాసయ్యారు. సంతకు కొండ దిగివచ్చే సవరలను అందరూ చూసేవారు. వాళ్ళ మాట ఏమిటో నేర్చుకోవాలని ఆయనకు అనిపించింది. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సొంత ఖర్చుతో బళ్ళు పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైను వాడీ వాడీ చెవులు పోగొట్టుకున్నారు. వినికిడి పోయిన మనిషి, జనం మాట్లాడే తెలుగే బళ్ళో, పుస్తకంలో ఉండాలని దేశమంతా వాదించారు! ఈ రోజు నేనిలా మామూలు మాటల్లో రాస్తున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు, యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు.

ప్రభుత్వాలు కూడా నేర్చుకుంటాయి, నేర్పించేవాళ్ళుంటే. 1999 అక్టోబరులో రెండు తుపానులు వచ్చాయి, ఒకటి మా గోపాలపురం మీదే. నెలాఖర్లో వచ్చిన రెండోది సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత విపత్తుల కోసం ప్రత్యేక సంస్థ పెట్టారు, తీరమంతా తుపాను షెల్టర్లు కట్టారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మళ్ళీ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి మా కిటికీ రేకు కాగితంలా ఎగిరిపోయింది. కానీ ముందే దాదాపు పది లక్షల మందిని తరలించారు, మరణాలు పదుల్లో ఆగాయి. ఆ పని చేసింది తప్పుల నుంచి పాఠం నేర్చుకున్న యంత్రాంగం, దాన్ని చేయనిచ్చిన రాజకీయం.

ఇప్పుడు మనవాళ్ళు కలిపిన ఆ చివరి మాట. దండగ, వెళ్ళిపోండి. దీని మీదే నాకు ఎక్కువ కోపం. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళారు, వెళ్తున్నారు, తప్పు పట్టను. వెళ్ళలేనివాళ్ళ కాలువలు, రేషను కార్డులు, బళ్ళు ఎవరు చూస్తారు? రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. 1956లో చేర్చారు. భాషాపరమైన మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని అందులో ఉంది. స్థానిక సంస్థ అన్న మాట చూడండి. అంటే పంచాయతీ, మున్సిపాలిటీ కూడా. ఆ రోజు ఆఫీసులో మూడో ప్రశ్నకు జవాబు ఇదే. మాలో ఒక్కరికైనా తెలిసి ఉంటే అర్జీలో ఆ ముక్క రాసేవాళ్ళం. నేను ఇది చదివేనాటికి మా అబ్బాయి కాలేజీలో ఉన్నాడు.

ఒడియా సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఒడిశా గ్రామ పంచాయతీ చట్టం ప్రకారం సర్పంచిగా నిలబడేవారికి ఒడియా చదవడం, రాయడం రావాలి. సవరకో కంధుకో ఇది అన్యాయమని నా అభిప్రాయం. కానీ మన తెలుగువాళ్ళం మూడు తరాలు ఇక్కడ బతికి, బజారు ఒడియా దగ్గరే ఆగిపోవడం మాత్రం మన బద్ధకమే.

మా పెద్దమ్మ కూతురు ఒకావిడ కాశీనగర్ వైపు ఒక పల్లెలో ఉంటుంది. ఆడవాళ్ళకు రిజర్వైన వార్డు, పోటీ చేసి గెలిచింది. మొదటి ఏడాది కాగితాలన్నీ బావగారే చూసేవారు, అక్క సంతకం పెట్టేది. ఒకరోజు మనవరాలి మూడో తరగతి ఒడియా వాచకం తీసుకుని కూర్చుంది. "ఏటీ కొత్తవి కావురా తమ్ముడూ, మన అక్షరాలకే గొడుగు పట్టినట్టుంటాయి" అంది నాతో. ఏడాది పట్టింది. ఫిబ్రవరిలో జరిగిన పల్లీ సభలో రిజిస్టరు సంతకాలకు తిరుగుతుంటే తన దగ్గర ఆపి, వరస కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివింది. వాళ్ళ వీధి సిమెంటు రోడ్డు పూర్తయినట్టు రాసి ఉంది. "ఈ రోడ్డు ఎక్కడుందో నడిచెళ్ళి చూపించండి బాబూ, నాను ఆ బురదలోంచే వచ్చాను" అంది. ఎవరూ లేవలేదు. ఆ వరస అక్కడికక్కడే కొట్టేసి మళ్ళీ రాశారు. సగం రోడ్డు ఆ మరుసటి ఏడాది పడింది, మిగతా సగం కోసం ఇంకా అడుగుతూనే ఉంది.

మొన్న ఆదివారం మేనల్లుణ్ణి ఆవిడ దగ్గరకు తీసుకెళ్ళాను. వాడికి ఒడియా గడగడా వస్తుంది. వచ్చాడని తెలిసి పక్కింటి ముసలమ్మ పింఛను కాగితం తెచ్చింది, ఆమె వెనకే ఇంకొకరు, ఆ వెనక జాబ్ కార్డుతో ఒకాయన. అరుగు మీద కూర్చుని చీకటి పడేదాకా చదివి చెప్తూనే ఉన్నాడు. ఒక కాగితంలో మాట వాడికీ అర్థం కాలేదు. ఫోన్లో వెతికి, అక్కను అడిగి, మార్జిన్లో తెలుగులో రాసిపెట్టాడు. బస్సెక్కుతుంటే వచ్చే నెల మళ్ళీ పంపమంది అక్క. ఇంకా పదకొండు కాగితాలు మిగిలాయట.