సీసం–బిస్మత్ ద్రవంలో ఉక్కు: వేడిలో మాత్రమే పరీక్షిస్తే చాలా?

బెల్జియంలోని మోల్‌లో తలపెట్టిన మిర్రా రియాక్టరును సీసం, బిస్మత్‌ల ద్రవమిశ్రమంతో చల్లబరచాలని సంకల్పం. అందులో వాడే ఉక్కును రేడియేషన్ లేని లూపుల్లో, అంటే వేడి ద్రవం తిరిగే గొట్టాల వలయాల్లో, పరీక్షించి ఊరుకోవచ్చునా అన్నదే ఇక్కడి వాదం.

వాది: ఊరుకోవచ్చు. ఈ ద్రవంలో నికెల్ ఇనుముకన్నా వేల రెట్లు ఎక్కువగా కరుగుతుంది. ఆక్సిజన్ చాలని ద్రవంలో, 500 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో క్రోమియం, నికెల్ కలిసిన 316ఎల్ అనే స్టెయిన్‌లెస్ ఉక్కును చాలాకాలం ఉంచి, అడ్డంగా కోసి, మెరుగుపెట్టి మైక్రోస్కోపు కింద చూడండి. నికెల్ వెళ్ళిపోయిన అంచు ఫెర్రైట్‌గా, అంటే వేరే స్ఫటిక నిర్మాణంగల ఇనుముగా, మారి ఉంటుంది, ఆ పొరలోకి సీసం, బిస్మత్ సన్నని వేళ్ళలా చొచ్చుకుపోయి కనిపిస్తాయి. దీనికి వేడి ఒక్కటే చాలింది. పైగా రేడియేషన్ నీటిని విడగొట్టినట్లు ద్రవలోహాన్ని విడగొట్టలేదు.

ప్రతివాది: ద్రవం సంగతి ఒప్పుకుంటాను. కానీ దెబ్బ తినేది ఉక్కు గదా! న్యూట్రాన్లు తాకినప్పుడు స్ఫటికంలోని పరమాణువులు చోటు తప్పి, ఖాళీలు ఏర్పడతాయి. ఆ ఖాళీలు రేణువుల (ఉక్కులోని చిన్న చిన్న స్ఫటికాల) సరిహద్దుల వైపు కదిలే క్రమంలో, ఇటువంటి ఉక్కులలో క్రోమియం అక్కడ తగ్గిపోయి, నికెల్ అక్కడే పోగవుతుంది. రక్షక పొరకు కావలసిన లోహం తరిగి, ద్రవం ముందుగా తినే లోహం పెరిగిన ఆ సరిహద్దును మీ లూపు ఎన్నడూ చూడదు.

వాది: అందుకే నికెల్ దాదాపు లేని, క్రోమియం కలిసిన టి91 అనే ఉక్కును తీసుకొని, ద్రవంలో ఆక్సిజన్‌ను అదుపులో ఉంచి, పైన ఆక్సైడ్ పొర నిలిచేలా చూస్తాం.

ప్రతివాది: ఆ పొర పెరగడానికీ పరమాణువులు ఘనలోహంలో కదలాలి, ఆ కదలికను రేడియేషన్ మారుస్తుంది. ఏ వైపుకు మారుస్తుందో ముందే చెప్పలేం. 2020లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 650 డిగ్రీల వేడిలో కరిగిన ఫ్లోరైడ్ లవణంలో నికెల్–క్రోమియం మిశ్రమంపై, న్యూట్రాన్లకు బదులుగా ప్రోటాన్లను ప్రయోగిస్తే, రేణువుల సరిహద్దుల వెంట సాగే క్షయం నెమ్మదించింది.

వాది: అది లవణం, ద్రవలోహం కాదు.

ప్రతివాది: కాదు కనుకనే, ద్రవలోహంలోనూ అదే పద్ధతిలో, ఒకే రేకులో కొంత భాగాన్ని ప్రోటాన్లకు ఎదురుగా, మిగతాది పక్కన ఉంచి పోల్చి చూడాలంటున్నాను.

వాది: ప్రోటాన్ల పుంజమే ఆ చోటును వేడెక్కిస్తుంది. ద్రవం ఉష్ణోగ్రతను కాక, దెబ్బ తగిలే చోటి ఉష్ణోగ్రతనే కొలిచి, అంతే వేడిలో పుంజం లేకుండా మరో రేకునూ పరీక్షిస్తేనే మీ ఫలితాన్ని అంగీకరిస్తాను.

ప్రతివాది: న్యాయమైన షరతే. ఆ రెండో రేకుకు మీ లూపే కావాలి.